తల్లి లేని పిల్ల పాట

అజీజ్‌నగర్ ఫారంహౌజ్‌లో, గులాబీ పాదుల మధ్య, చేతిలో నీళ్ల పైపుతో బిగుసుకుపోయిన గోపమ్మను పోయిన వారం మనం అక్కడే వదిలి వచ్చాం. పచ్చిక మీద వేసిన చెక్కల స్టేజీ మీద గిటార్లు, డ్రమ్ములు, ఎదురుగా మూడు కెమెరాలు. ఆ డ్రమ్ముల హోరులోంచి వచ్చిన పాట గోపమ్మదే. పన్నెండేళ్ల కిందట చేవెళ్ల దవాఖానలో, కామెర్లు ముదిరి కళ్లు తేలేసిన ఏడేళ్ల కూతురి మంచం పక్కన కూర్చుని, అక్షరం ముక్క రాని గోపమ్మ నోటితో కట్టుకున్న పాట. మైకు పట్టుకుని దాన్ని పాడుతున్నది ఆ కూతురే. "ఈ పాట రాసింది మా సమత" అని బ్యాండు నడిపే హేమచంద్ కెమెరాకు చెప్పాడు. అతని తల్లి సుగుణ మేడం తోట వైపు చూపించి, "ఆ మొక్కలావిడ నిన్నే చూస్తోంది, ఆమె తెలుసా నీకు?" అని అడిగింది. సమత చూసింది. చూసి, చూపు ప్రహరీగోడ మీదికి తిప్పుకుని, తల అడ్డంగా ఊపుతూ "తెలీదండీ" అంది.

గోపమ్మ ఆ తోటలో పనికి కుదిరి నెలన్నర. "కొత్త తోటల చేరిన బిడ్డా" అని ఫోన్లో చెప్పింది కూడా. ఎవరి తోట అని సమత అడగలేదు. అడిగి ఉంటే అది హేమచంద్ వాళ్లదని తెలిసేది.

ఇదంతా గురువారం. శనివారం పగలు, మొయినాబాద్‌లోని కాలేజీ హాస్టల్ నుంచి బస్సెక్కి సమత చేవెళ్లలోని తమ కాలనీకి వచ్చింది.

గోపమ్మ ఇంటి ముందు రేకుల నీడలో పీట వేసుకుని తొక్కుకు మామిడికాయలు కోస్తోంది. కూతురు గేటు తీయడం చూసింది. తిన్నవా అని అడగలేదు. ఆ పిల్ల గడప తొక్కిన ఏనాడూ ఆ మాట అడగకుండా ఉండలేదు ఆమె.

సమత బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే నిలబడింది. "మొన్న ఎండ కండ్లల్ల కొట్టిందమ్మా. నిన్ను సరిగ చూడలే."

"చూసినవ్."

"లే, నిజంగ..."

"ఆ మేడం అడిగితే 'తెలీదండీ' అన్నవ్. నాకు వినవడ్డది. తెల్వదు అనలే, తెలీదండీ అన్నవ్. మాట గూడ మంచిగనే నేర్చినవ్ బిడ్డా."

కత్తిపీట మీద కాయ రెండు చెక్కలైంది. సమత ముఖం ఎర్రబడింది. తప్పు చేసి వచ్చిన మనిషి తగ్గి మాట్లాడాలని బస్సులో అనుకుంటూ వచ్చింది కానీ, తల్లి గొంతులో కోపం లేకపోవడం ఆమెను తగ్గనివ్వలేదు.

"పాట గురించే గద నీ బాధ? డోలకు తీసేసి గిటార్లు పెట్టిన్రని గద? నీకు నచ్చదని నాకెరుకే. శాంసన్ మామకు నచ్చదు, మన చర్చిల ఎవ్వరికి నచ్చదు. అందుకే చెప్పలే."

"నాకు నచ్చలేదని ఎవరు చెప్పిన్రు నీకు?"

సమత బ్యాగు పట్టీ సవరించుకుంది.

"అడిగినవా నన్ను? ఏ ఒక్క దినమన్న, అమ్మా, గిటార్ల పాట నీకు మంచిగ అనిపిస్తదా అని అడిగినవా?" గోపమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఆ లావు తీగల గిటారు ఉన్నది చూడు, పొడుగు పిలగాడు వాయిస్తడు. అది చెవులకు కాదు, కాళ్లకు వినవడ్తది. బోరు మోటరు ఏసినప్పుడు నీళ్లు పైకెక్కుతుంటే నేల అదురుతది గద, అట్ల. రెండో చరణం కాడ అందరు ఆపిన్రు, వాడొక్కడే వాయించిండు. నా పెయ్యంత జలదరించింది. నేను పాట కట్టిననాడు సరిగ్గ ఆడ్నే నాకు ఊపిరాడలే. అది ఆ పిలగానికి ఎట్ల తెలిసిందో."

బ్యాండులో అంతమందిలో ఆ చోటును గుర్తుపట్టినవాళ్లు లేరు. అక్కడ మిగతా వాయిద్యాలన్నీ ఆపాలని హేమచంద్‌తో రెండు వారాలు వాదించి ఒప్పించింది తనే. చెప్పాలనిపించింది. చెప్పలేదు.

"పొగ ఎందుకు పెట్టిన్రో నాకు సమజ్ కాలే" అంది గోపమ్మ. "ఒక్క లైను పద్నాలుగు సార్లు పాడిన్రు. దేవునికి చెవుడా అనిపించింది. గంతే. మిగిలిందంత మంచిగున్నది."

ఇంకో రోజైతే ఇద్దరూ నవ్వేవాళ్లు.

సమత బ్యాగు దించి గడప మీద కూర్చుంది. చాలా ఏళ్లుగా లోపల ఉన్నది అప్పుడు బయటికి వచ్చింది. "మన చర్చి పాటలు నాకు చిన్నప్పటి నుంచే పడవమ్మా. అన్నీ ఏడుపే. పురుగును, ధూళిని, పనికిరాని దాన్ని... ఆదివారం రాంగనే అందరం కలిసి గదే పాడుడు. మనల్ని బయటోళ్లు అనేది సాలదా? దేవుని దగ్గరికి పోయి గూడ మనమే అనుకోవాల్నా? ఇంటర్ల ఫోన్ల మొదటిసారి గా గిటార్ల పాట విన్న. ఇయర్‌ఫోన్ పెట్టుకున్న, బస్సుల నిలబడ్డ. డ్రమ్ములు పడంగనే నా ఎన్నెముక నిటారుగైంది. నేను పురుగును కాదు అనిపించింది. ఆ చప్పుడు నాకు ప్రార్థనమ్మా. నీకు నవ్వొస్తదేమో."

"నాకెందుకొస్తది నవ్వు?"

గోపమ్మ కోయబోయిన కాయను ఒళ్లో పెట్టుకుంది. ముప్పై ఏళ్లుగా తను పాడుతున్న మాటల్ని మొదటిసారి వింటున్నట్టు ఉండిపోయింది. పురుగును అని పాడేటప్పుడు తనకు ఏనాడూ నొప్పి కలగలేదు. కలగాల్సింది కాబోలు.

"మంచిది" అంది చివరికి. "నీకు నచ్చింది నువ్వు పాడు. మరి 'మట్టి చేతులు' ఎందుకు తీసేసిన్రు?"

పాట మొదలే అది.

*మట్టి చేతులె నావి యేసయ్యా, మల్లెపూలు లేవు నా కొంగున,*
*ఈ చిన్న దీపం ఆరనియ్యకు, ఊపిరై నిలువు దాని పక్కన.*

గురువారం నాడు గిటార్ల మీద 'ఖాళీ చేతులె' అని వచ్చింది.

"ఖాళీ చేతులంటే అందరికి సరిపోతదమ్మా. సిటీల వినేటోళ్లకు మట్టి అంటే కనెక్ట్ కాదని..."

"ఎవరు మార్చిన్రు? ఆ హేమచందా?"

సమత గోళ్లు చూసుకుంది. అబద్ధం చెప్పడానికి మంచి అవకాశం అది. ఎందుకో చెప్పలేకపోయింది. "అతను ఉండనీయమనే అన్నడు. మట్టి బాగుందన్నడు. నేనే తీయమన్న."

"మట్టి అంటే నేను యాదికొస్త."

సమత కాదనలేదు.

గోపమ్మ మళ్లీ కత్తిపీట ముందుకు జరుపుకుంది. ఆమె గొంతు ఇప్పుడూ పెరగలేదు. "సరే. అయిందేదో అయింది. రేపు మీ ప్రార్థన హాలుల అమ్మల పండుగ అంట గద. తోటల పని చేసేటోళ్లందర్ని మేడం రమ్మన్నది. నేనూ వస్త. ఎనక కుర్చీల కూసుంట. నీ దిక్కు గూడ రాను. ఆ లావు గిటారు మళ్లొక్కసారి ఇని, బస్సెక్కి వచ్చేస్త."

"వద్దు."

ఆ 'వద్దు' అంత తొందరగా వచ్చేసరికి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఎందుకు? చీర మంచిది కట్టుకుంటనే."

"చీర గురించి కాదమ్మా."

"మరి?"

"ఇంకో ఆదివారం రా. వచ్చే నెల. నేనే తీస్కపోత. రేపు మాత్రం వద్దు. నీ కాళ్లు మొక్కుత."

సమత నిజంగానే వంగింది. గోపమ్మ పాదాలు వెనక్కి లాక్కుంది. కూతురి కళ్లలో సిగ్గు ఉంటుందనుకుంది. అక్కడ భయం కనిపించింది. తల్లి పని చూసి సిగ్గుపడే పిల్లలు ఆ కాలనీలో చాలామందే ఉన్నారు. ఈ భయం ఎందుకో గోపమ్మకు అంతు పట్టలేదు.

అప్పుడే గేటు చప్పుడైంది. శాంసన్ వచ్చాడు. కాలనీ చర్చిలో నలభై ఏళ్లుగా డోలకు వాయించేది ఆయనే. గోపమ్మ పాటకు దరువు కట్టి, చర్చిలో మొదటిసారి పాడించింది కూడా ఆయనే. చేతిలో ఫోను, ముఖం నిండా మంట.

"ఉన్నవా బిడ్డా, నువ్వుండుడే మంచిదైంది" అన్నాడు సమతను చూసి. "చెల్లే, ఇగో చూడు. వాట్సప్‌ల తిరుగుతున్నది. మన పాటను ఏం జేసిన్రో చూడు. గిది ఆరాధననా? బరాత్ల డీజే! నీ పాటకు నీ బిడ్డనే..."

"మామా, ఇప్పుడొద్దు." సమత లేచి ఫోను అందుకోబోయింది.

శాంసన్ చెయ్యి పైకెత్తాడు. ఆయనకు కోపం డ్రమ్ముల మీదే. తను చూసినప్పుడు ముందరి మాటలు దాటేసి పాటకే జరిపాడు; ఇప్పుడు డ్రమ్ములు వచ్చే చోటు చూపించాలని మొదట్నుంచీ పెట్టాడు. వీడియోలో డ్రమ్ముల కన్నా ముందు సమత ముఖం వచ్చింది. వెనక పచ్చిక, గులాబీలు; గోపమ్మ పని దిగి పోయాక తీసింది కాబోలు.

ఫోనులో సమత మెల్లగా, ముద్దుముద్దుగా మాట్లాడింది. "ఈ పాట మా అమ్మ ఆఖరి రోజున పుట్టిందండీ. హాస్పిటల్లో ఆమె చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే ప్రభువు నాకీ మాటలిచ్చారు. ఈ చిన్న దీపం అంటే మా అమ్మే. దీపం ఆరిపోయింది, పాట మిగిలింది. ఈ మదర్స్ డేకి, పరలోకంలో ఉన్న మా అమ్మకి..."

శాంసన్ వేలు తడబడింది. ఎక్కడ నొక్కితే ఆగుతుందో దొరకలేదు. డ్రమ్ములు మొదలయ్యాక గానీ ఆపలేకపోయాడు.

రేకుల కింద ఈగలు మామిడి ముక్కల మీద ముసురుతున్నాయి. ఎవరూ తోలలేదు.

"ఇంకోపాలి పెట్టన్నా" అంది గోపమ్మ.

"వద్దు చెల్లే."

"పెట్టు."

పెట్టాడు. గోపమ్మ రెండోసారి మొత్తం వింది, పరలోకం దాకా. సమత గోడకు ఆనుకుని నిలబడింది.

"ఏం బీమారి నాకు?" అని అడిగింది గోపమ్మ.

"అమ్మా..."

"ఏం బీమారొచ్చి సచ్చిపోయిన అని అడుగుతున్న. రేపు ఎవరన్న అడిగితే నాకెరుక ఉండాలె గద."

"క్యాన్సర్" అంది సమత. ఆ మాట వినపడీ వినపడనట్టు వచ్చింది.

శాంసన్ ఫోను జేబులో పెట్టుకుని తల వంచుకున్నాడు. ఈ వీడియో తెచ్చినందుకు తనను తనే తిట్టుకుంటున్నాడు.

సమత చెప్పుకొచ్చింది. రెండేళ్ల కిందట మొదటిసారి ఆ హాలుకు పోయిన రోజు. పాట పాడి వినిపిస్తే హేమచంద్ కళ్లు తుడుచుకున్నాడు. ఎవరు నేర్పారని అడిగాడు. అమ్మ అంది. అమ్మ ఏం చేస్తారు అని పక్కనే ఉన్న బ్యాండు అమ్మాయి శ్రీయ అడిగింది. శ్రీయ వాళ్లమ్మ సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. "అమ్మ లేదు" అని వచ్చింది సమత నోట. ఊళ్లో లేదు, ఇక్కడ లేదు, ఏదో ఒకటి చెప్పి మాట మార్చాలనుకుంది. ఆ లోపే సుగుణ మేడం వచ్చి గట్టిగా కౌగిలించుకుంది. ఆమె చీర మంచి వాసన వేసింది. "ఇక నుంచి నేనున్నాను నాన్నా" అంది. మరుసటి ఆదివారం టిఫిన్ డబ్బాలో పులిహోర తెచ్చింది.

"ఆ ఒక్క మాట ఎనక్కి తీసుకుందామని ఎన్నిసార్లు అనుకున్ననో. మళ్ల చాన్సే రాలే అమ్మా."

"రెండేండ్లు" అంది గోపమ్మ. "చాన్స్ రాలే."

"నువ్వు బతికున్నట్టు చెప్తే నేను సచ్చినట్టే వాళ్లకు."

"దవాఖానల నువ్వు సస్తవని చెప్పిండు డాక్టరు. తెల్లారేదాక ఆగది, ఇంటికి తీస్కపో అన్నడు. మీ నాయిన అప్పటికే పోయిండు. నాకు పాట తప్ప ఏం లేకుండె. నువ్వు బతకాలని కట్టిన గా పాట." గోపమ్మ మొదటిసారి కూతురి ముఖంలోకి సూటిగా చూసింది. "గిటార్లు పెట్టుకో, డ్రమ్ములు పెట్టుకో, మట్టి తీసేయ్. అవన్నీ నీ ఇష్టం, నీ చెవులు. నువ్వు బతకాలని నేను కట్టిన పాటను నా సావుకు పాడినవ్ సూడు..."

మాట పూర్తి చేయలేదు. లేచి, కోసిన ముక్కల గంప లోపలికి తీసుకుపోయింది. తలుపు వేసుకోలేదు. వేసుకున్నా వాళ్లిద్దరి మధ్య అంత దూరం అయ్యేది కాదు.

సమత బ్యాగు తీసుకుని బస్టాండుకు నడిచింది. శాంసన్ ఆమెను ఆపలేదు. లోపలికి తొంగి చూసి, "ఇప్పుడే ఆ హేమచందుకు ఫోన్ కొట్టి ఉన్నది ఉన్నట్టు చెప్త చెల్లే" అన్నాడు.

"వద్దన్నా. నా సావు ముచ్చట నేనే చెప్పుకుంట."

చెప్పాలని అప్పటికి ఆమె అనుకోలేదు. ఆయన్ను పంపించడానికి నోటికొచ్చిన మాట అది.

ఆదివారం పొద్దున గోపమ్మ స్నానం చేసి, ఎప్పట్లాగే కాలనీ చర్చికి పోవడానికి చీర కట్టుకుంది. చర్చి మలుపు దాకా పోయింది. లోపల శాంసన్ డోలకు సరిచేసుకుంటున్న చప్పుడు వినిపించింది. అక్కడ ఆగి, తిరిగి, మెయిన్ రోడ్డు మీదికి వచ్చి మెహిదీపట్నం బస్సెక్కింది. మధ్యలో వచ్చే మొయినాబాద్‌కు టికెట్టు తీసుకుంది.

మొయినాబాద్‌లో షాపుల వరస మీద రెండో అంతస్తు హాలు. మెట్ల దగ్గర టీషర్టుల పిల్లలు ప్రతి తల్లికీ ఒక గులాబీ ఇస్తున్నారు. గోపమ్మ చేతికీ ఒకటిచ్చారు. ఆ గులాబీ ఏ పాదులో పూసిందో ఆమెకు తెలుసు.

వెనక వరసలో కూర్చోబోయింది. సుగుణ మేడం చూడనే చూసింది. "మా గోపమ్మ వచ్చింది! ఇక్కడెందుకమ్మా, ముందుకు రా" అని చెయ్యి పట్టుకుని రెండో వరసకు తీసుకుపోయి, తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఆమె మనసులో ఏ కల్మషం లేదు. అదే గోపమ్మకు మరీ కష్టంగా ఉంది. ఈమె మీద కోపం తెచ్చుకుందామన్నా కుదరడం లేదు.

దీపాలు తగ్గాయి. పొగ వచ్చింది. డ్రమ్ములు పడ్డాయి.

సమత కళ్లు మూసుకుని స్టేజీ మధ్యకు వచ్చింది. మైకు దగ్గరికి లాక్కుని కళ్లు తెరిచింది. రెండో వరస అక్కడి నుంచి పది అడుగులు. "ఖాళీ..." అని గొంతు చిట్లిపోయింది. హేమచంద్ గిటారు ఆపకుండా ఆమె కోసం మళ్లీ మొదటికి వచ్చాడు. రెండోసారీ గొంతు రాలేదు. హాలంతా అర్థం చేసుకుంది, తనకు తెలిసినంతలో. ఎవరో ముక్కు చీదారు. ఎవరో "పాపం, తల్లి యాదికొచ్చింది" అన్నారు. రెండు వందల మంది లేచి నిలబడి, ఆ పిల్ల పాడలేని పాటను తామే అందుకున్నారు. గోపమ్మ చుట్టూ ఆమె పాట, ముక్కూ ముఖం తెలియని మనుషుల నోళ్లలో, ఏడుస్తూ, చేతులెత్తుతూ. లావు తీగల గిటారు నేలను అదిరించింది. ఈసారి ఆమె ఒళ్లు జలదరించలేదు.

పాట అయ్యాక సుగుణ మేడం మైకు తీసుకుని స్టేజీ ఎక్కింది. కళ్లొత్తుకుంది. "ఈ రోజు అమ్మ ఉన్నవాళ్లంతా అమ్మ దగ్గరికెళ్లి దీవెన తీసుకుంటారు. మరి మా సమత ఎవరి దగ్గరికెళ్తుంది?" హాలంతా కలయజూసింది. "ప్రతి ఏడూ నేనే దీవించాను. ఈసారి ప్రభువు నా మనసులో వేరే పేరు పెట్టాడు. పొద్దస్తమానం మట్టిలో కష్టపడి, ఈ పూలు పూయించిన తల్లి ఒకరు మన మధ్య ఉన్నారు. గోపమ్మా, రామ్మా. ఈ తల్లి లేని బిడ్డ నెత్తిన చెయ్యి పెట్టు."

చప్పట్లు మోగాయి. ఎవరో గోపమ్మను లేపి మెట్లెక్కించారు.

సమత మోకాళ్ల మీద కూర్చుని ఉంది, అలా కూర్చోమన్నారు గనుక. గోపమ్మ ఆమె నెత్తిన చెయ్యి పెట్టింది. పిల్ల ఒళ్లంతా వణుకుతోంది. దవాఖానలో ఆ రాత్రి వణికినట్టే.

"అమ్మా, వద్దు" అంది సమత, పెదవులు కదలకుండా. "నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడొద్దు."

హేమచంద్ మెల్లగా తీగలు మీటుతున్నాడు, ప్రార్థన వెనక వినిపించేలా. సుగుణ మేడం ఒక చేత్తో గోపమ్మ భుజం చుట్టి, ఇంకో చేత్తో మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

"సిగ్గుపడకమ్మా. నీకొచ్చిన మాటల్లోనే ఈ పిల్లకి ఒక్క మాట చెప్పు."

గోపమ్మ ఊపిరి మైకులో పెద్దగా వినిపించింది. రెండు వందల ముఖాలు. కింద, తన అరచేతి కింద, ఒక్క నెత్తి.

"ఈ పిల్ల తల్లి నాకెరుకనే మేడం" అంది.

తీగల మీద హేమచంద్ వేళ్లు ఆగిపోయాయి.

"నిన్న పగటి దాక మంచిగనే ఉండె."